చెక్క అచ్చు సుందరిని కుంచెతో వేయిస్తే ఏం మిగులుతుంది?

ప్రశ్న (కొండాపూర్_వాసి):

నమస్కారం. కొండాపూర్‌లోని మా ఇంట్లో సోఫా వెనుక ఆరడుగుల గోడ ఖాళీగా ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు జపాన్ చిత్రకారుడు కితగావా ఉతమారో చెక్క అచ్చు చిత్రాల్లో గాజు బూర ఊదుతున్న అమ్మాయి బొమ్మ మా ఆవిడకూ నాకూ నచ్చింది. నగరంలోనే ఉండే ఒక చిత్రకారుడు దాన్ని కాన్వాసు మీద ఆయిల్ రంగులతో నాలుగడుగుల ఎత్తున వేసి ఇస్తానని, ఇంతకుముందు వేసిన నమూనా ఒకటి చూపించారు. పని శుభ్రంగానే ఉంది కానీ, ఆ ముఖం చూడగానే క్యాలెండరు బొమ్మ గుర్తొచ్చింది. ఎక్కడ తేడా వచ్చిందో మాత్రం చెప్పలేకపోతున్నాను. అచ్చు చిత్రానికి చేత్తో నకలు వేయించుకోవడమే పొరపాటా, లేక నేను ఆయనను అడగవలసినవి అడగలేదా?

జవాబు (కుంచెపని):

ఇలాంటి నకళ్ళు నేనూ వేస్తుంటాను కాబట్టి నా అనుభవం చెబుతాను. మీరు చూస్తున్న గీత ఉతమారో కుంచె గీత కాదు. ఆయన గీసి ఇచ్చిన బొమ్మను చెక్కేవారు చెర్రీ చెక్క మీద చెక్కారు, అద్దేవారు ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మెతో కాగితం మీద అద్దారు, సుతాయా జూజాబురో అనే ప్రచురణకర్త డబ్బు పెట్టి 1792-93 ప్రాంతంలో బయటకు తెచ్చారు. ఆ ముఖంలో ముక్కుకు ఒక గీత, కంటికి రెండు మూడు గీతలు తప్ప నీడ అన్నది ఎక్కడా లేదు. ఆయిల్ రంగులకు అలవాటుపడిన చేయి ఆ ఖాళీని ఓర్చుకోలేక ముక్కు పక్కన కాస్త గోధుమరంగు, చెంప మీద కాస్త గులాబీ పూస్తుంది. మీకు కనిపించిన క్యాలెండరు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఇక నుదుటి దగ్గర జుట్టు మొదలయ్యే చోటు చూడండి. చెక్కేవారు అక్కడ ఒక్కొక్క వెంట్రుకనూ విడిగా నిలిపారు, అవి చర్మంలోంచి మొలిచినట్టే ఉంటాయి. అన్నిటికంటే సన్నని కుంచెతో వేసినా పదింటిలో నాలుగు వెంట్రుకలు నాకు లావుగానే వస్తాయి. అసలు కాగితం సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. దాన్ని నాలుగడుగులకు పెంచితే ఆ వెంట్రుకలన్నీ పురికొసలవుతాయి. పెడన అచ్చుపనిని శ్రీకాళహస్తి కలంతో దించమన్నట్టు ఉంటుంది. రెండూ కలంకారీయే, కానీ చేతులు వేరు.

వేయించుకోవాలనే ఉంటే, పటికా జిగురూ పట్టించిన చేతికాగితం మీద, మెరుపులేని నీటిరంగులతో, అసలుకు రెట్టింపు మించకుండా వేయమనండి. ఆ బొమ్మ వెనుక తళుక్కుమనే నేపథ్యం అభ్రకం పొడితో అద్దినది. గూడూరు అభ్రకం పేరు విని పెరిగిన మనవాళ్ళు దాని బదులు వెండి పెయింటు పూస్తే నాకు మనసొప్పదు.

జవాబు (పాతకాగితం):

కుంచెపని గారు చెప్పిన జుట్టు సంగతి నిజమే కానీ, చివరి సలహాతో నేను ఏకీభవించను. అచ్చును కుంచెతో అనుకరించే శ్రమకు బదులు, కుంచెతోనే పుట్టిన బొమ్మను ఎంచుకోవచ్చు కదా. ఆ కాలపు చిత్రకారులు పట్టు మీదా కాగితం మీదా స్వయంగా సుందరులను చిత్రించేవారు. అలాంటి వాటిని జపాన్‌లో నికుహిత్సు అంటారు. వెనక్కి తిరిగి చూస్తున్న సుందరిని ఉతమారోకు వందేళ్ళ ముందటి హిషికావా మోరోనోబు పట్టు మీద వేశారు, 1948లో జపాన్ దాన్ని తపాలా బిళ్ళగా కూడా విడుదల చేసింది. ఉతమారో వేసినదే కావాలంటే, నేటి టోక్యోలోని ఫుకాగావా పేటలో మంచు కురిసిన రోజును చూపే పెద్ద చిత్రం ఉంది. సుమారు రెండు మీటర్ల ఎత్తు, 3.4 మీటర్ల వెడల్పున్న కాగితం మీద, మేడ గదుల్లో ఎందరో స్త్రీలు. దాన్ని సగానికి తగ్గిస్తే మీ ఆరడుగుల గోడకు సరిగ్గా పడుతుంది, ఏ గీతా పెంచినట్టు ఉండదు.

అచ్చు బొమ్మే కావాలని పట్టుబడితే, ఏ రంగులను నకలు చేస్తున్నారో ముందే తేల్చుకోండి. అప్పట్లో పూల నుంచి తీసిన నీలం రంగు వెలుతురుకు తట్టుకోలేక బూడిదరంగులోకి తిరిగిపోయింది. వాడిపోయిన ప్రతిని చూసి వేసిన నకలు, వాడిపోవడాన్నే కొత్తగా వేసి ఇస్తుంది. బోస్టన్ మ్యూజియానికి 1921లో స్పాల్డింగ్ సోదరులు ఇచ్చిన అచ్చులను ఎన్నడూ ప్రదర్శనకు పెట్టకూడదన్న షరతు ఉంది. అందువల్ల వాటి రంగులు ఇప్పటికీ పచ్చిగా ఉన్నాయి. మీ చిత్రకారుడికి నమూనాగా చూపడానికి ముందు అలాంటి ప్రతుల ఫొటోలు వెతకండి.

జవాబు (మెట్టుగూడ_పాఠకుడు):

రెండు చిన్న విషయాలు. ఇరవయ్యో శతాబ్దపు సుందరుల వైపు మనసు మళ్ళితే, హషిగుచి గోయో 1921లోనే మరణించారు కాబట్టి ఆయన దువ్వెన పట్టిన స్త్రీని నకలు వేయించుకోవడానికి రచయిత హక్కు ఇబ్బంది లేదు. ఇతో షిన్‌సుయ్ మాత్రం 1972 వరకు జీవించారు, మన దేశంలో రచయిత హక్కు మరణానంతరం 60 ఏళ్ళు నడుస్తుంది. రెండోది, ఆ గోడ మీద సాయంత్రపు ఎండ పడుతుంటే కాగితం బొమ్మను అక్కడ పెట్టకండి.

తిరిగి (కొండాపూర్_వాసి):

ఇక్కడ చదివినది మనసులో పెట్టుకుని ఆదివారం ఆ చిత్రకారుడి దగ్గరకు మళ్ళీ వెళ్ళాను. ముక్కు పక్కన నీడ ఎందుకు వేశారని అడిగితే ఆయన నవ్వి, నీడ లేకుండా ఇస్తే కొనేవాళ్ళు సగం పని వదిలేశానంటారని చెప్పారు. ఆ మాటను నేను తప్పుపట్టలేకపోయాను. నమూనా చూసిన రోజు నేనే ఆ మాట అనేవాడినేమో. మోరోనోబు బొమ్మ చూపిస్తే ఆయనకు బాగా నచ్చింది, కానీ మా ఆవిడకు గాజు బూర అమ్మాయే కావాలి. చివరికి ఆరడుగుల గోడ సంగతి పక్కన పెట్టి, భోజనాల బల్ల దగ్గర ఎండ తగలని గోడకు, చేతికాగితం మీద రెండడుగుల బొమ్మ అనుకున్నాం. మొదట అరచేయంత ముక్కలో చెవి, చెంప, నుదుటి జుట్టు మాత్రమే వేసి చూపిస్తానన్నారు. దానికి విడిగా డబ్బు ఇచ్చి వచ్చాను.