పంటు మీద జనాన్ని పెన్నుతో గీయడం: గీత ఎక్కడ ఆపాలి?

నల్లసిరా
రెండు నెలలుగా ఆదివారాలు నర్సాపురం రేవులో కూర్చుని, జనాన్ని గోదావరి దాటించే సఖినేటిపల్లి పంటు బొమ్మలు గీస్తున్నాను. మోటారు సైకిళ్లు, చేపల బుట్టలు, గొడుగులు, పిల్లలు. దగ్గరగా చూస్తే ఒక్కో మనిషీ బాగానే కుదిరాడు. కాగితం దూరంగా పెడితే అంతా బూడిదరంగు ముద్ద. వాడేది 0.3 మి.మీ. మొన పెన్ను. ఎక్కడ తప్పుతున్నానండీ?

కోటిపల్లి రేవు
అందరికీ ఒకే మందం గీత వేశారు కదా, అక్కడే వచ్చిందండి. ముందున్న మనిషికీ, అవతలి గట్టు మీద కొబ్బరిచెట్టుకీ ఒకే గీతైతే ఎవరు ముందో ఎవరు వెనకో కంటికి తెలియదు. నేను ముందువాళ్లకు 0.8, మధ్యలో 0.3, అవతలి ఒడ్డుకు 0.05 వాడతాను. ఆ ఒడ్డు గీతను అక్కడక్కడా తెంపేస్తాను కూడా.

ఇంకో మాట. మన డెల్టాలో కొండా లేదు, గుట్టా లేదు. నీళ్లు, గట్టు, వరిచేలు, అన్నీ అడ్డగీతలే. అందుకే నిలువుగా ఉన్నదాన్ని ముందు వెతుక్కోవాలి. గెడ కర్ర కావచ్చు, తల మీద బుట్టతో నిలబడ్డ ఆవిడ కావచ్చు. దాన్ని నడిమధ్యన పెట్టకుండా ఒక పక్కకు, మూడో వంతు దగ్గరికి జరపండి.

లేసు అల్లిక
మా ఇంట్లో ముగ్గురం లేసు అల్లుతాం. అందులో దారం ఎంతో, ఖాళీ అంతే. ఖాళీ పూడిపోతే పువ్వు కనపడదు. మీరు గోదావరి నీళ్లను కూడా గీతలతో నింపేస్తున్నారని నా అనుమానం. తెల్లగా వదిలేయండి, పంటు నీడలో నాలుగు గీతలు చాలు. 1933లో మన నర్సాపురంలోనే పుట్టిన బాపు గారి బొమ్మలు ముందు పెట్టుకుని, ముఖానికి ఎన్ని గీతలు వేశారో లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టిన రోజు నుంచి నా చెయ్యి నెమ్మదించింది.

లంక మనిషి
ఒకే కలంలో మందం మారాలంటే కిక్కిస (రెల్లు లాంటి గడ్డి) కాడ కోసుకోండి. బాగా ఎండినది తీసుకుని ఏటవాలుగా చెక్కి, మొనలో చిన్న చీలిక పెట్టాలి. చిత్రకారుడు వాన్‌గో 1888లో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో రెల్లు కలంతోనే పొలాలు గీశాడు. సిరా తొందరగా అయిపోతుంది కాబట్టి గీత లావుగా మొదలై పొడిగా ముగుస్తుంది. ఏ గీత అవసరమో ముందే ఆలోచించక తప్పదు.

ఒక జాగ్రత్త. షెల్లాక్ (లక్క) కలిసిన ఇండియన్ ఇంకు ఫౌంటెన్ పెన్నులో పోయకండి, లోపల గడ్డకడుతుంది. మా నాన్నగారి రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను అలాగే పోగొట్టుకున్నాను. ఇప్పటికీ బాధే.

కోటిపల్లి రేవు
వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి గీత పాకుతుంది. పుస్తకాన్ని పాలిథిన్ కవర్లో ఉంచండి.

నల్లసిరా
అందరికీ థాంక్సండీ. ఈ ఆదివారం ముందు అగ్గిపెట్టెంత బొమ్మలు మూడు వేసుకుని, ఒకటి ఎంచుకున్నాను. గొడుగు ఒక్కటే నల్లగా నింపాను. నీళ్లకు ఆరు గీతలు. దూరం నుంచి చూసినా పంటు పంటులా ఉంది! రెయిలింగు మాత్రం కుదరలేదు. అడ్డంగా పోయి అందరి కాళ్లనూ కోసేస్తోంది.

లేసు అల్లిక
మనిషి వచ్చినచోట రెయిలింగు గీతను ఒక గింజంత ముందే ఆపి, అవతల మళ్లీ ఎత్తుకోండి. చేతులు ఆనిన దగ్గర మాత్రం కలపండి.