వేమా, వేపా? పెరటి పలక మీద రెండక్షరాలు

తెనాలి సభ్యురాలు: మా పెరట్లో మారేడు, ఉసిరి, వేప నాటి మూడేళ్లయింది. మనవలు చదువుకునేందుకు ఒక్కో చెట్టు దగ్గర ఒక పద్యపాదం పలక మీద చెక్కించాలనుకుంటున్నాను. వేమన పద్యంలోని ‘తినగ తినగ వేప తియ్యగనుండు’ అని మా నాన్నగారి నోట విన్నట్టు గుర్తు. పిల్లలేమో ‘వేము’ అంటున్నారు. ఏది చెక్కించాలి?

హోసూరు సభ్యుడు: అమ్మా, ‘తియ్యగనుండు’ నిలవదు, ‘తియ్యనుండు’ అనాలి. ఆటవెలది రెండవ పాదంలో ఐదూ సూర్యగణాలే (మూడు లఘువుల నగణం, లేదా గురువు, లఘువు ఉన్న హగణం) రావాలి కనుక, గురువు మీద రెండు లఘువులున్న భగణమైన ‘తియ్యగ’కు అక్కడ చోటు లేదు. వేము, వేప రెండూ హగణాలే, యతి ‘తి’కీ ‘తి’కీ కుదిరింది కనుక, ఆ మాట విషయంలో ఛందస్సు తీర్పు చెప్పదు. నేను మాత్రం వేము పక్షమే. మా ఊళ్లో తమిళులు వేపను అనే ‘వేంబు’లోని మకారాన్ని నిలుపుకున్నది అదే.

కర్నూలు సభ్యుడు: ఆ తమిళంలోనే వేంబు సమాసంలో ‘వేప్ప’ అవుతుంది కదండీ! మన వేప దానికి తోబుట్టువు. 1829లో బ్రౌను అచ్చు వేయించేదాకా ఈ పద్యాలు ఎక్కువగా జనం నోళ్లలో బతికాయి. ఆ నోళ్లలో రెండు రూపాలూ ఆడి ఉండవచ్చు. కరివేపను ‘కరివేము’ అనగా నేను వినలేదు, నేలవేము అనే చేదు మూలిక మాత్రం మా ఇంట్లో వేముగానే ఉంది.

వేములవాడ సభ్యుడు: ఇక్కడ వేము అంటే ఆకు కాదు, పండు అని నా నమ్మకం. ముగ్గిన వేపపండు నిజంగానే తియ్యగా ఉంటుంది. కవి పేరులోని ‘వేమ’ కూడా ఈ చెట్టుదే.

హోసూరు సభ్యుడు: ముగ్గిన పండు మొదటిసారే తియ్యన, ఇక ‘తినగ తినగ’ ఎందుకు? ‘అనగననగ రాగ మతిశయిల్లుచునుండు’ అన్న పై పాదం, ‘సాధనమున’ అన్న కింది పాదం చేదాకునే కోరుతున్నాయి. ఈ పద్యం బరువంతా ఆ రెండుసార్లు అన్న మాట మీదే ఉంది.

కర్నూలు సభ్యుడు: పేరు సంగతికి వస్తే, 14వ శతాబ్దంలోనే అద్దంకిలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి ఉన్నాడు. కవి పేరును ఈ పద్యంతో ముడిపెట్టలేము.

వేములవాడ సభ్యుడు: పేరు పాతదైతే చెట్టుతో బంధం ఎలా తెగుతుందండీ?

తెనాలి సభ్యురాలు: చెక్కేవారు శనివారం వస్తారు. ‘తియ్యనుండు’ దిద్దుకున్నాను, ఆ రెండక్షరాల చోటు ప్రస్తుతానికి వదిలేయమంటాను. నేలవేము విత్తనం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, వేప పక్కనే వేస్తాను.