సైకిలంటే ఇష్టమున్నవాళ్ళని ఒక్క మాటలో ఏమంటాం?

షోలింగనల్లూరు నుంచి:

మద్రాసు తెలుగువాళ్ళందరికీ నమస్కారం. ఒక మాట కావాలి. ఎంత వెతికినా దొరక్క ఇక్కడ అడుగుతున్నాను.

మా అపార్ట్‌మెంటులో కొన్ని తెలుగు కుటుంబాలున్నాయి. ఆదివారం తెల్లవారకముందే కొందరం సైకిళ్ళు తీసుకుని, అక్కరై దగ్గర ఈసీఆర్ (సముద్రం పక్కన పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కి ముట్టుకాడు వంతెన దాకా వెళ్తాం. బ్యాక్‌వాటర్ పక్కన కాసేపు నిలబడి, టీ తాగి వెనక్కి వస్తాం. ఓపిక ఉన్నవాళ్ళు మహాబలిపురం దాకా పోతారు. ఇంకొందరు కలిస్తే బాగుంటుందని లిఫ్టు పక్కన తెలుగులో ఒక కాగితం అంటిద్దామనుకున్నాం. మాలో ఒకరు "సైకిల్ రసజ్ఞులకు ఆహ్వానం" అని రాసుకొచ్చారు. మాట అందంగానే ఉంది గానీ నాకు మనసొప్పలేదు.

రెండో అంతస్తులో ఒకావిడ దగ్గర పాత లేడీబర్డు సైకిలుంది. కూరగాయలకి వెళ్ళాలన్నా, పిల్లాణ్ణి ట్యూషన్లో దింపాలన్నా దాని మీదే. తిరిగొచ్చాక గుడ్డతో చైను కవరు తుడిచి గాని మెట్లెక్కదు. అంత ప్రేమగా సైకిలు వాడుకునే మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఆదివారం మాతో రమ్మంటే, "నాకు సైకిళ్ళ గురించి ఏం తెలుసండీ, మీరంతా తెలిసినవాళ్ళు" అంది. ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. ఇక "రసజ్ఞులు" అని గోడమీద కనబడితే అసలే రాదు.

నాకూ రెండోవైపు నుంచి ఇదే చిక్కు. ఆఫీసుకి సైకిలు మీద వెళ్తానని నన్ను "సైకిల్ కానసర్", అంటే సైకిళ్ళ లోతు తెలిసినవాడు, అంటున్నారు. ఏ గేర్లు మంచివి, కార్బన్ ఫ్రేము కొనాలా అల్యూమినియం కొనాలా అని అడుగుతారు. తెలియదంటే వినయం అనుకుంటారు. నిజంగానే తెలియదు. నాకు సైకిలు తొక్కడం ఇష్టం, చూడటం ఇష్టం. చెట్టుకి గొలుసేసి కట్టిన పాత సైకిలు కనిపిస్తే ఆగి, ముందు గొట్టం మీది బిళ్ళ మీద ఏ కంపెనీ పేరుందో చదవడం ఇష్టం. ఈ ఇష్టానికి ముందు ఏదో పరీక్ష రాసి పాసవ్వాలంటే నేను ఒప్పుకోను.

తెలిసినవాడు అనే అర్థం రాకుండా, ఇష్టమున్నవాడు అని మాత్రమే చెప్పే తెలుగు మాట ఏదైనా ఉందా?

మైలాపూరు నుంచి:

బాబూ, నీకు మనసొప్పకపోవడం సరైనదే. రసజ్ఞుడు అన్న మాటలో "జ్ఞ" ఉంది. రసం ఏమిటో ఎరిగినవాడని అర్థం. నీ ఆఫీసువాళ్ళ ఫ్రెంచి మాట కూడా తెలియడం అనే క్రియ నుంచే పుట్టింది కాబట్టి రెండూ ఒకటే.

సహృదయుడు అందామా అంటే, ఈ రోజుల్లో దానికి మంచి మనసున్నవాడు అనే అర్థం స్థిరపడిపోయింది. అలంకారశాస్త్రంలో చూస్తే అది రసజ్ఞుడికంటే కఠినమైన మాట. కావ్యాలు పదేపదే చదివిన అభ్యాసంతో మనసనే అద్దం శుభ్రపడినవాడే సహృదయుడని కాశ్మీర పండితుడు అభినవగుప్తుడు నిర్వచించాడు. అంటే అక్కడా సాధన చేసి రావాల్సిందే.

ఇక రసికుడు. మన ఊళ్ళో ఈ మాటకి మూడు ముఖాలున్నాయి, మద్రాసులో ఉండే తెలుగువాళ్ళకే తెలిసే చిత్రం ఇది. తమిళంలో రసిగర్ అంటే ఉట్టి అభిమాని. సినిమా నటులకి రసిగర్ మన్రాలు (అభిమాన సంఘాలు) ఉంటాయి కదా, అందులో చేరడానికి నటన గురించి ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. మార్గశిరంలో సంగీత సభలకి వెళ్తే అక్కడ రసికులంటే రాగం ఎత్తుకోగానే పేరు చెప్పగలవాళ్ళు. తెలుగులో మామూలుగా "ఆయన మంచి రసికుడు" అంటే వినేవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. నీ కాగితం మీద "సైకిల్ రసికులు" అని రాస్తే పక్కింటి తమిళులకి సరిగ్గానే అర్థమవుతుంది, మనవాళ్ళకే తేడాగా వినబడుతుంది.

షోలింగనల్లూరు నుంచి:

అమ్మా, తమిళ రసిగర్ సంగతి నాకు తట్టనే లేదు. సరిగ్గా నాకు కావలసిన అర్థం పక్క భాషలో, మనదే అనుకునే మాటకి ఉందన్నమాట.

పత్రికల్లో "ఔత్సాహికులు" అని రాస్తుంటారు. అదెలా ఉంటుంది?

నుంగంబాక్కం నుంచి:

అన్నా, ఔత్సాహికులు వద్దు. ఔత్సాహిక నాటక సమాజం అంటే డబ్బుకి ఆడనివాళ్ళు. ఔత్సాహిక పారిశ్రామికవేత్త అంటే ఇంకా పరిశ్రమ పెట్టనివాడు. రెండుచోట్లా మనిషి ఏదో ఒక మెట్టు కింద ఉన్నట్టు, ఎప్పటికైనా పైకెక్కాలన్నట్టు ధ్వనిస్తుంది. మీ రెండో అంతస్తు అక్క ఏ మెట్టూ ఎక్కడానికి తొక్కడం లేదు.

మా అమ్మమ్మ వాళ్ళు హైదరాబాదు పాతబస్తీ దగ్గర ఉండేవారు. అక్కడ ఉర్దూలో "షౌఖ్" అంటారు. పావురాలు పెంచడం షౌఖ్, పతంగులు ఎగరేయడం షౌఖ్. అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఇష్టంతో చేసే పని అని తప్ప అందులో పాండిత్యం ఊసే లేదు. అదే తెలుగులోకి షోకుగా వచ్చేసరికి బట్టలకీ అలంకారానికీ అంటుకుపోయింది. సైకిల్ షోకు అంటే హ్యాండిలుకి కుచ్చులు కట్టి, చక్రాలకి రంగు పూసలు తగిలించినట్టు ఉంటుంది. మోజుకీ ఇలాంటి కథే. అరబ్బీలో మౌజ్ అంటే అల, ఉర్దూలో ఉల్లాసం, మన దగ్గర మాత్రం తీరిపోయే కోరిక. "కొత్త మోజు" అన్నామంటే ఎన్నాళ్ళో ఉండదని ముందే తీర్పు చెప్పేసినట్టు. రెండు మంచి మాటలు మన చేతుల్లో చులకనైపోయాయని నాకు బాధగా ఉంటుంది.

"పిచ్చి" మాత్రం బాగుంది కదా? నాకు సైకిళ్ళ పిచ్చి అంటే తెలిసినవాడని ఎవరూ అనుకోరు.

షోలింగనల్లూరు నుంచి:

చెల్లెమ్మా, పిచ్చి నా గురించి నేను చెప్పుకోవడానికి సరిపోతుంది. పరిచయం లేనివాళ్ళని "సైకిల్ పిచ్చివాళ్ళారా రండి" అని పిలవలేం. పైగా పిచ్చి అంటే రోజూ తొక్కాలి, ఖర్చు పెట్టాలి, దూరాలు పోవాలి అనుకుంటారు. పదమూడున్నర గంటల్లో 200 కిలోమీటర్లు పూర్తి చేయాల్సిన బ్రెవేలు తొక్కే మిత్రులు మాలో ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవం. కానీ కూరగాయల బుట్టతో రెండు వీధులు తిరిగే ఇష్టం, 200 కిలోమీటర్ల ఇష్టంకంటే తక్కువదని నేను అనుకోవడం లేదు.

అంబత్తూరు నుంచి:

బాబూ, నేను భాష చదువుకున్నవాణ్ణి కాదు. మా అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. హెర్క్యులిస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ అన్నీ మా చేతుల మీదుగా వెళ్ళినవే. అందుకని ఒక మాట చెబుదామని.

తెలియడం వేరు, ఇష్టం వేరు అని మా ఫ్యాక్టరీలో రోజూ కనబడేది. చక్రాలు బెండు తీసే పనివాళ్ళుండేవారు. చక్రాన్ని స్టాండులో తిప్పి, పుల్ల (స్పోకు) మీద వేలితో తట్టి, ఆ చప్పుడుని బట్టి ఏది వదులో, ఏది బిగుతో చెప్పేసేవారు. అంత తెలిసినవాళ్ళలో కొందరు డ్యూటీ అయ్యాక సైకిలు ముఖం చూసేవాళ్ళు కాదు, బస్సులో వెళ్ళిపోయేవారు. ఇంకోపక్క క్యాంటీనులో పనిచేసే ఒక పెద్దాయనకి నట్టు ఏది, బోల్టు ఏది తెలిసేది కాదు. సాయంత్రం బయటికి వెళ్ళే కొత్త సైకిళ్ళని వరసగా నిలబెడితే, టీ గ్లాసు పట్టుకుని వచ్చి వాటి ముందు నిలబడేవాడు. ఇద్దరిలో సైకిలు ఎవరిదంటే నేను ఆ టీ గ్లాసు ఆయనదే అంటాను.

తెలుసుకోవడం తప్పని అనడం లేదు. వాడుతూ ఉంటే కొంత దానంతటదే వస్తుంది. ఎడమ పెడలు మర అందరూ అనుకునే దిక్కుకి ఎదురు ఉంటుందని, దాన్ని విప్పబోయి పానా జారినవాడికి ఒక్కసారితో తెలుస్తుంది. మన పాత పెద్ద సైకిలుకి 28 అంగుళాల చక్రం అంటాం. ఇప్పటి రేసు సైకిళ్ళ 700సీ చక్రాన్ని కూడా కొన్నిచోట్ల 28 అనే అంటారు. కానీ టైరు కూర్చునే చోట రిమ్ము కొలిస్తే పాతదానికి 635 మిల్లీమీటర్లు, కొత్తదానికి 622. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. ఇది తెలియకపోతే టైరు కొనేటప్పుడు షాపువాడు చెబుతాడు. తొక్కడానికీ దీనికీ సంబంధం లేదు.

పైగా మద్రాసు చదునైన ఊరు. పరంగి కొండ (సెయింట్ థామస్ మౌంట్) లాంటివి వదిలేస్తే ఎక్కడానికి గట్టు లేదు. గేరు లేని సైకిలు మీద ఊరంతా తిరగొచ్చు. ఇక్కడ గేర్ల పరిజ్ఞానం అడిగేవాడు అనవసరంగా అడుగుతున్నట్టే.

మైలాపూరు నుంచి:

అంబత్తూరు వారూ, భాష చదువుకోలేదని అన్నారు గానీ చర్చకి ఇప్పుడే ప్రాణం వచ్చింది. మీ క్యాంటీను పెద్దాయనకి సరిపోయే మాట మనకి లేకపోలేదు. "భోజనప్రియుడు" అంటాం. ఆయన వంటలో తప్పొప్పులు పడతాడని దాని అర్థం కాదు, తినడం ఇష్టం, అంతే. సంగీతప్రియుడు, సంగీతజ్ఞుడు పక్కపక్కన పెడితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. "సైకిల్ ప్రియులు" అంటే పత్రికా శీర్షికలా ఉంటుందేమో గానీ తప్పు లేదు.

ఇంకో సంగతి. ఇంతసేపూ ఎవరూ "వ్యసనం" అనలేదు, అనరు కూడా. ఆ మాట వింటే మనకి పేకాట, తాగుడు గుర్తొస్తాయి. భర్తృహరి నీతిశతకంలో మహాత్ముల స్వభావం చెబుతూ "యశసి చాభిరుచిర్వ్యసనం శ్రుతౌ" అన్నాడు. కీర్తి మీద అభిరుచి, చదువు మీద వ్యసనం. ఇప్పుడు మనం హాబీకి వాడే అభిరుచీ, తిట్టుకి వాడే వ్యసనమూ అక్కడ పక్కపక్కన, రెండూ మెప్పుగానే ఉన్నాయి. 18వ శతాబ్దంలో ఏనుగు లక్ష్మణకవి దీన్ని తెలుగు చేస్తూ రెండు మాటల్నీ వదిలేశాడు:

"యశమునం దనురక్తియు విద్యయందు వాంఛాపరివృద్ధియున్ బ్రకృతిజాతగుణంబులు సజ్జనాళికిన్"

వ్యసనం అన్నచోట వాంఛాపరివృద్ధి, అంటే కోరిక పెరుగుతూ పోవడం. తెలుగు చెవికి వ్యసనం చెడుగా వినబడుతుందనే అలా మార్చాడని నేను అనుకుంటాను. నీకు పనికొచ్చేది మాత్రం చివరి మాట, బాబూ. సంస్కృతంలో "మహాత్మనామ్" అని షష్ఠి ఉంది, మహాత్ముల యొక్క గుణాలు అని. లక్ష్మణకవి "సజ్జనాళికిన్" అని కు విభక్తి వేశాడు. మన వ్యాకరణంలో అదీ షష్ఠే, అయినా ఇక్కడ అర్థం "యొక్క" కాదు. మంచివాళ్ళకి ఈ గుణాలు ఉంటాయి. ఇది అచ్చమైన తెలుగు పద్ధతి.

షోలింగనల్లూరు నుంచి:

అమ్మా, మీరు కు విభక్తి అనగానే నాకు దారి దొరికింది.

నాకు ఆకలి. నాకు జ్వరం. నాకు సైకిలంటే ఇష్టం. మన భాషలో ఇవన్నీ మనిషికి కలుగుతాయి, అతనికి పేరు పెట్టవు. ఆకలేసినవాడికి మనం బిరుదు ఇవ్వం కదా. "నాకు తెలుసు" కూడా ఇలాగే వస్తుంది గానీ అది వేరే వాక్యం. సైకిలంటే ఇష్టం, సైకిళ్ళ గురించి తెలియదు అని ఒకే ఊపిరిలో చెప్పుకోవచ్చు, ఎక్కడా పొసగకపోవడం ఉండదు. కానసర్ లాంటి మాటకి ఈ రెంటినీ విడదీసే వీలు లేదు. నేను ఇంతసేపు ఒక నామవాచకం కోసం వెతికాను. మన వాక్యానికి దాని అవసరమే లేదు.

కాగితం మీద "సైకిలంటే ఇష్టమున్నవాళ్ళు" అని పెడతాను. వాళ్ళు, వాడు, ఆవిడ అని ఏ క్రియకైనా చివర తగిలించి మనిషిని అప్పటికప్పుడు చేసుకునే సౌకర్యం మనకుంది. ఆ పూటకి ఉంటుంది, బిరుదులాగా మెడకి వేలాడదు.

నుంగంబాక్కం నుంచి:

"ఇష్టపడేవాళ్ళు" అనకూడదా అన్నా? చిన్నగా ఉంటుంది.

మైలాపూరు నుంచి:

అనొచ్చమ్మా. కానీ ఇష్టపడటం చేసే పని. ఇష్టముండటం ఉన్న స్థితి. ఇష్టపడేవాళ్ళంటే ఎంత ఇష్టపడతారు, ఎన్నాళ్ళుగా ఇష్టపడుతున్నారు అని అడగడానికి చోటుంది. ఉన్నదాన్ని ఎవరూ లెక్కడగరు. నేనైతే ఇష్టమున్నవాళ్ళు అనే ఉంచుతాను. "ఇష్టమైతే రండి" అన్నా సరే, అప్పుడు "వాళ్ళు" కూడా అక్కర్లేదు.

అంబత్తూరు నుంచి:

బాబూ, మాటల సంగతి తేలింది గనక ఇంకో రెండు ముక్కలు కలుపు. "ఏ సైకిలైనా సరే" అని రాయి. మామూలు సైకిలున్నవాళ్ళు గేరు సైకిలు ఉంటేనే రావాలేమో అని వెనక్కి తగ్గుతారు. రెండోది "తొక్కడం" గురించి. మా చిత్తూరువైపు బండి తోలడం అంటారు, తమిళులు సైకిలుకి కూడా నడపడం అనే అర్థంలో "ఓట్టు" అనే అంటారు. మన సైకిలుకి తొక్కడమే సరైన మాట, కానీ "తొక్కేవాళ్ళు రండి" అని మాత్రం రాయకు. మోకాళ్ళ నొప్పులతో తొక్కలేకపోయినా సైకిలుని ఇంట్లో ఉంచుకుని తుడుచుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళు టీ దగ్గరికి ఆటోలో వస్తారు.

ఇంకో సంగతి, ఎండ కాలం ఐదున్నరకి కాదు, ఐదింటికే బయల్దేరండి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి వస్తుందని కూర్చుంటే అప్పటికే తారు కాగిపోయి ఉంటుంది.

షోలింగనల్లూరు నుంచి:

అలాగే బాబాయి గారూ. ఇదీ కాగితం:

"సైకిలంటే ఇష్టమైతే రండి. ఏ సైకిలైనా సరే. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి గేటు దగ్గర. ముట్టుకాడు దాకా వెళ్ళి వస్తాం. తొక్కలేనివాళ్ళు ఏడింటికి టీ దగ్గర కలవవచ్చు."

ఇందులో ఏదైనా మాట మార్చాలనిపిస్తే శనివారంలోపు చెప్పండి. రెండో అంతస్తుకి మాత్రం కాగితం చాలదు, నేనే వెళ్ళి పిలుస్తాను.