గంట కూర్చోనివ్వని హోటల్ ఇరానీ హోటల్ అవుతుందా?

మూలమీద బల్ల:

పోయిన శనివారం విశాఖ నుంచి చిన్ననాటి స్నేహితుడు హైదరాబాదు వచ్చాడు. తిరుగు రైలు రాత్రి పదకొండింటికి. మా చేతిలో ఉన్నది ఒక్క సాయంత్రం. "బిర్యానీ వద్దు, గోల్కొండ వద్దు. నువ్వు రోజూ ఎక్కడ కూర్చుంటావో అక్కడికి తీసుకుపో" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా నేను వెళ్ళే ఇరానీ హోటల్‌కే తీసుకుపోయాను. పేరు ఎందుకులెండి.

రెండు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. పది నిమిషాలు కాలేదు, కుర్రాడు వచ్చి బల్ల తుడిచాడు. ఇంకో ఐదు నిమిషాలకు మళ్ళీ తుడిచాడు. మూడోసారి మా మోచేతులు ఎత్తించి మరీ తుడిచాడు. అప్పటికి మావాడు కూతురి పెళ్ళి సంగతి సగం చెప్పాడు. మిగతా సగం బయట నా స్కూటర్‌కు ఆనుకొని విన్నాను.

అందుకే అడుగుతున్నాను. ఇరానీ హోటల్ అని దేన్ని అనాలి? డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలిపితే చాలా? అలాంటి చాయ్ ఇప్పుడు ప్రతి సందు చివరా దొరుకుతోంది. నన్నడిగితే చాయ్ రెండో సంగతి. చలువరాతి బల్ల, వంపు చెక్క కుర్చీ, ఒక్క కప్పు చెప్పి ఆ కుర్చీలో గంటసేపు కూర్చునే హక్కు, ముందు ఇవి ఉండాలి. ఆబిడ్స్‌లో ఓరియంట్ హోటల్ నడిచిన రోజుల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులకు అదే అడ్డా. మఖ్దూం గారిని ఎవరైనా మోచేతులు ఎత్తమన్నారా? కూర్చోనివ్వనిది ఉత్త చాయ్ దుకాణం, బోర్డు మీద ఏమి రాసుకున్నా సరే. కాదనేవాళ్ళు చెప్పండి.

పొద్దున్నే నడక:

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ తీర్పు ఒప్పుకోను. చార్మినార్ పక్కన నిమ్రా కెఫే దగ్గర ఎవరు కూర్చుంటున్నారు? నేను వారానికి రెండుసార్లు తెల్లవారకముందే మలక్‌పేట నుంచి నడిచి వెళ్తాను. ఆ వేళకు గాజుల దుకాణాలు తెరవరు, తోపుడు బండ్లు రావు. మక్కా మసీదు పావురాలు అప్పుడే లేస్తుంటాయి. ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో సాసరు, సాసరులో బిస్కెట్టు. నిలబడి తాగుతుంటే నాలుగు మినార్లూ మనవే. లోపల కూర్చుంటే ఏమి కనిపిస్తుంది? ఎదుటి గోడ అద్దంలో మన ముఖం. ఊరికి ఎవరు వచ్చినా నేను అక్కడికే తీసుకుపోతాను. ఆ తర్వాత నహారీ అనే మాంసం పులుసు, ఆ తర్వాత ఇంటికొచ్చి పడక. ఇంతకంటే సుఖం ఏముంది?

మూలమీద బల్ల:

తమ్ముడూ, నిమ్రా చాయ్ మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ అది మొదలైంది 1993లో. నేను డిగ్రీ పట్టా పట్టుకొని ఉద్యోగాల వెంట తిరుగుతున్న ఏడాది. చార్మినార్ కట్టింది 1591లో కాబట్టి దాని నీడన ఉన్నవన్నీ మనకు పాతవే అనిపిస్తాయి. పైగా నువ్వు వెళ్ళేది ఒంటరిగా, చూడటానికి. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే నాలుగు మినార్లు ఎందుకు, రెండు కుర్చీలు చాలు.

లెక్కల మనిషి:

మఖ్దూంను తెచ్చారు, బాగుంది. అద్దె ఎవరు తెస్తారు?

నలుగురు పట్టే బల్ల. ఇద్దరు మిత్రులు, గంట సమయం, రెండు చాయ్‌లు. కప్పు ఇరవై రూపాయలు అనుకుందాం. బిస్కెట్లతో కలిపి ఎనభై. అదే బల్ల మీద ఆ గంటలో రెండు విడతల బిర్యానీ తిని లేస్తారు. ఈ లెక్క మనకంటే ముందు హోటల్ వాళ్ళకే తెలిసింది. పారడైజ్ 1953లో సినిమా హాలు పక్కన చాయ్, సమోసాలతోనే మొదలైంది. ఇప్పుడు అక్కడికి చాయ్ కోసం వెళ్ళేవాళ్ళు ఎందరు? బషీర్‌బాగ్ కెఫే బహార్‌లో మధ్యాహ్నం భోజనాల వేళ ఒక చాయ్ చెప్పి కవిత్వం మొదలుపెట్టి చూడండి.

ఇంకో సంగతి. పాత ఇరానీ హోటళ్ళు చాలావరకు రోడ్డు మూలల్లోనే ఉండేవి. మూల స్థలం అచ్చిరాదని మనవాళ్ళు వదిలేస్తే వాళ్ళు చవకగా తీసుకున్నారని పెద్దలు చెబుతారు. అదే మూలకు ఇప్పుడు రెండు రోడ్ల ముఖం ఉంది. మందుల దుకాణం వాడు అడుగుతాడు, నగల కొట్టువాడు అడుగుతాడు. తాత ఇరాన్‌లోని యజ్ద్ నుంచి బొంబాయి మీదుగా వచ్చి పెట్టిన హోటల్ కావచ్చు, మనవడికి పిల్లల ఫీజులు ఉంటాయి కదా. మీ గంట కోసం అతను ఆ అద్దె వదులుకోవాలా?

ఇంతకీ నాకు బుర్ర వేడెక్కితే వెళ్ళేది మొజంజాహీ మార్కెట్‌కు. 1935 నాటి రాతి కట్టడం, 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు. ఆవరణలో ఆరుబయట కుర్చీ లాక్కొని సీతాఫలం ఐస్‌క్రీం చెబుతాను. అక్కడ ఎవరూ లేవమనరు. ఐస్‌క్రీం ఎవరినీ గంటసేపు కూర్చోనివ్వదు కదా, కరిగిపోతుంది. వ్యాపారం అలా ఉండాలి.

చిటికెడు ఉప్పు:

మాది చిక్కడపల్లి. మా నాన్నగారు రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా హోటల్‌కు వెళ్ళి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవారు. మాకు వచ్చేది పొట్లం. తెల్ల దారం కట్టిన కాగితం పొట్లంలో నాలుగు ఉస్మానియాలు. బిస్కెట్లు అమ్మ పంచేది, అడుగున మిగిలిన పొడి కోసం అన్నయ్యా నేనూ కొట్టుకునేవాళ్ళం. వేలు తడిపి అద్దుకుంటే ముందు ఉప్పు తగిలేది, ఆ వెనక తీపి. నాకు తెలిసిన ఇరానీ హోటల్ ఆ పొట్లం అడుగే.

ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి ఆయన్ను పిలవడానికి వెళ్ళాను, అమ్మకు జ్వరం ఎక్కువైంది. గుమ్మంలో నిలబడగానే లోపల మాటలు ఆగిపోయాయి. ఒకాయన చేత్తో పరదా వైపు చూపించి "ఫ్యామిలీ గది అటు" అన్నాడు. నాన్నగారు సగం కప్పు వదిలేసి లేచారు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. నేను అక్కడికి వెళ్ళడం ఆయనకు చిన్నతనం అనిపించింది.

మూలమీద బల్ల గారూ, మీరు చెప్పే గంటసేపు హక్కు ఎవరికి ఉండేదో కాస్త ఆలోచించండి. కొత్త అద్దాల హోటళ్ళను ఇక్కడ అందరూ తిడతారు. అక్కడ నేను ఒక్కదాన్నే వెళ్ళి కూర్చుంటాను, ఏ గుమ్మంలోనూ మాటలు ఆగవు. చాయ్ ఖరీదు ఎక్కువే. వెలుతురు ఉంటుంది, శుభ్రమైన టాయిలెట్ ఉంటుంది, ఆ తేడా డబ్బు వాటికి ఇచ్చాననుకుంటాను. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక. 2010 నుంచి నడుస్తోంది. చెట్టు కింద కూర్చుని చవక సమోసా తింటూ, ఆ సాయంత్రం నాటకం ఉంటే నాటకం, పాట ఉంటే పాట. ఆడపిల్ల ఒంటరిగా కూర్చుందేమని తిరిగి చూసేవాళ్ళు ఉండరు.

మూలమీద బల్ల:

అమ్మా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. "ముప్పై ఏళ్ళలో నన్ను ఒక్కసారైనా తీసుకువెళ్ళారా?" అంది. లేదు. జవాబు కూడా లేదు.

అయినా ఒక్క మాట. తలుపు అందరికీ తెరవడానికి కుర్చీలు తీసేయనక్కరలేదు కదా. మీరు కూడా కూర్చోవడానికే వెళ్తున్నారు.

బెజవాడ బాబాయి:

మీ గొడవ నాకు వింతగా ఉంది. మా గాంధీనగర్‌లో బాబాయి హోటల్‌కు వెళ్ళండి. వెన్నపూస వేసిన ఇడ్లీ నోట్లో ఉండగానే మరొకాయన వచ్చి మన కుర్చీ వెనక నిలబడతాడు, మన మెడ మీద ఆయన ఊపిరి తగులుతుంటుంది. అది అవమానం అని మాకు ఎవరూ చెప్పలేదు. తిన్నామా, చెయ్యి కడుక్కున్నామా, బయటపడ్డామా. మాట్లాడుకోవడానికి కృష్ణ ఒడ్డు ఉంది, బ్యారేజీ మీద గాలి ఉంది. తినే చోటు వేరు, సేదతీరే చోటు వేరు. మీకు మాత్రం ట్యాంక్‌బండ్ లేదా? అక్కడికి పోయి మాట్లాడుకోండి.

పొద్దున్నే నడక:

బాబాయి గారూ, 2021లో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపి ట్యాంక్‌బండ్‌ను జనానికి వదిలినప్పుడు మీరు చెప్పినట్టే ఉండేది. పిల్లలు రోడ్డు మధ్యలో సైకిళ్ళు తొక్కారు. మామూలు రోజుల్లో అక్కడ హారన్ల మధ్య కూతురి పెళ్ళి సంగతి చెప్పాలంటే గొంతు చించుకోవాలి. హుస్సేన్‌సాగర్ గాలి కూడా ప్రతి సాయంత్రం పీల్చదగ్గది కాదు, మీ కృష్ణ గాలితో పోల్చకండి.

కౌంటరు పక్కన:

రెండు రోజులుగా చదువుతున్నాను. మా నాన్న సికింద్రాబాదులో ఒక ఇరానీ హోటల్లో ఇరవై రెండేళ్ళు సర్వర్‌గా చేశాడు. బడి వదిలాక నేను కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాణ్ణి. అందుకే ఈ పేరు.

తెల్లవారుజామున రాగి హండీలో నీళ్ళు, ఆకు వేసి, మూత చుట్టూ గుడ్డ బిగించి సన్నసెగ మీద పెట్టేవారు. పక్క పొయ్యి మీద పాలు చిక్కబడేదాకా మరిగేవి. రెండూ కలిసేది కప్పులోనే, అదీ ఎవరైనా అడిగాక. పౌనా అంటే ఇంకాస్త చిక్కగా. ఖడా చమ్మచ్ అంటే చెంచా నిలబడేంత చక్కెర.

మీరు కూర్చోగానే అడగకుండానే ఒక ప్లేటు వచ్చేది, గుర్తుందా? ఉస్మానియా, ఫైన్ బిస్కెట్, వేలెడంత ఉల్లి సమోసాలు. తిన్నవాటికే డబ్బు. మిగిలినవి తర్వాత వచ్చినవాళ్ళ బల్ల మీదికి. ఎవరు ఎన్ని తిన్నారన్నది నాన్న కళ్ళలోనే ఉండాలి, కాగితం లేదు, కలం లేదు. మీరు లేచి కౌంటరు వైపు నడుస్తుంటే వెనక నుంచి కేక వేసేవాడు, "సఫేద్ షర్ట్, బారా రూపయే!" అని. ఒక రోజు నలుగురు తెల్ల చొక్కాలవాళ్ళు ఒకేసారి లేచారు. కౌంటరు దగ్గర నలుగురూ తక్కువ లెక్కే తమదన్నారు. తగ్గిన డబ్బు నాన్న జీతంలో కోసుకున్నారు. ఆ రోజు నేను లెక్కలు మానేసి చూస్తూ కూర్చున్నాను.

మూలమీద బల్ల సార్, మిమ్మల్ని గంట కూర్చోనిచ్చింది హోటల్ అనుకుంటున్నారు. మా హోటల్ గోడ మీద "ఎక్కువసేపు కూర్చోరాదు" అని ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉండేది. నాన్న దాన్ని ఇరవై రెండేళ్ళు చూడనట్టే గడిపాడు. రోజూ వచ్చి కూర్చునేవాళ్ళే రంజానుకో దీపావళికో చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు, మా పుస్తకాలు వాటితోనే కొన్నాడు. ఇప్పుడు మీ బల్ల తుడిచే కుర్రాడు ఎక్కడో ఒడిశా నుంచో అస్సాం నుంచో వస్తాడు, నాలుగు నెలల్లో ఇంకో హోటల్‌కు పోతాడు. మీ ముఖం అతనికి గుర్తుండదు, మీకూ అతని పేరు తెలియదు. వెనక మేనేజరు చూస్తుంటే బల్ల తుడవక ఏమి చేస్తాడు?

నాన్నకు ఇప్పుడు మోకాళ్ళు పనిచేయవు. మీరు రాసింది చదివి వినిపిస్తే ముందు నవ్వాడు. ఆ తర్వాత, నలుగురు కూర్చునే బల్లను ముగ్గురు పట్టుకుంటే తనకు కోపం వచ్చేదని, ఇద్దరైతే పోనీలే అనుకునేవాడినని చెప్పాడు.

లెక్కల మనిషి:

నా లెక్కలో సర్వర్ లేడు. ఒప్పుకుంటున్నాను.

పొద్దున్నే నడక:

"ఇరానీ" అనే మాట మీద కూడా ఒక సంగతి. రెడ్‌హిల్స్ నీలోఫర్ గురించి ఇక్కడ అందరికీ తెలుసు. 1978 నాటి హోటల్, పేరు పక్కనున్న ఆసుపత్రిది. దాని యజమాని ఇరానీ కాదు. అదే హోటల్లో చిన్న పనికి చేరి తర్వాత సొంతం చేసుకున్న తెలుగాయన. అక్కడి చాయ్‌ను ఇరానీ చాయ్ కాదని ఎవరైనా అంటున్నారా? పాతవాళ్ళు పెట్టిన హద్దులతోనే కొలిస్తే సగం ఊరు బయటికి పోతుంది.

మూలమీద బల్ల:

నీలోఫర్‌ను నేను ఎప్పుడూ బయట పెట్టలేదు. అక్కడ కూర్చోనిస్తే ఇరానీ, లేపేస్తే కాదు, అంతే. వంటవాడు ఏ ఊరివాడైతే నాకేమిటి?

కౌంటరు పక్కన గారూ, నాకు గుర్తుంది ఆ కేక. నన్ను "చష్మావాలా" అని పిలిచేవారు. అలా పిలిచిన సర్వర్ పేరు నేను అడగలేదు. ముప్పై ఏళ్ళు. మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

కౌంటరు పక్కన:

చెబుతాను సార్. ఇంకా పాత పద్ధతిలో కూర్చోనిచ్చే హోటల్ ఒకటి నాకు తెలుసు, సికింద్రాబాద్ స్టేషన్‌కు నడక దూరం. బల్లలు ఐదే. ప్లేటు ఇప్పటికీ అడగకుండానే వస్తుంది.

బెజవాడ బాబాయి:

పేరు రాయండి మరి, వచ్చే వారం నాకు అక్కడ పని ఉంది.

కౌంటరు పక్కన:

రాస్తే వచ్చే ఆదివారానికి ఫోన్లు పట్టుకొని రీల్స్ తీసేవాళ్ళు వస్తారు బాబాయి గారూ. ఐదు బల్లలు ఎంతమందికి సరిపోతాయి? రావాలనుకునేవాళ్ళు ఆదివారం నాలుగింటికి క్లాక్‌టవర్ దగ్గర కలవండి, నేను తీసుకువెళ్తాను. మూలమీద బల్ల సార్, మేడమ్‌ను కూడా తీసుకురండి.

చిటికెడు ఉప్పు:

నేనూ వస్తాను. టాయిలెట్ ఉందా అక్కడ?

కౌంటరు పక్కన:

వెనక ఒకటి ఉండేది అక్కా. తాళం ఎవరి దగ్గర ఉంటుందో రేపు వెళ్ళి కనుక్కొని రాస్తాను.