వెటరన్స్ ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంట్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా?

శ్రీవిద్య (చర్చ మొదలుపెట్టినవారు):

మా చెల్లెలు అమెరికాలో నర్సింగ్ అసిస్టెంట్ కోర్సులో చేరింది. పౌరసత్వం వచ్చింది కాబట్టి అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలో, అంటే వీఏ ఆసుపత్రిలో, ఉద్యోగానికి ప్రయత్నిస్తానంటోంది. ఆ ఆసుపత్రుల గురించి చదువుతుంటే క్లార్క్స్‌బర్గ్ కేసు కంటపడింది.

తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌లో లూయిస్ ఎ. జాన్సన్ పేరిట వీఏ ఆసుపత్రి ఉంది. అక్కడి 3ఏ వార్డులో రాత్రి డ్యూటీ చేసే నర్సింగ్ అసిస్టెంట్ రీటా మేస్ 2017, 2018లలో అవసరం లేని రోగులకు ఇన్సులిన్ ఎక్కించి ఏడుగురిని చంపింది. వాళ్లంతా రెండో ప్రపంచ యుద్ధం, కొరియా, వియత్నాం కాలాల్లో సైన్యంలో పనిచేసిన వృద్ధులు. 2020 జులైలో నేరం ఒప్పుకుంది. 2021 మేలో కోర్టు ఏడు యావజ్జీవ శిక్షలు, ఎనిమిదో రోగి విషయంలో మరో 20 ఏళ్లు వేసింది.

నన్ను కలవరపెట్టిన సంగతి వేరే ఉంది. ఆ ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరడానికి గానీ, కొనసాగడానికి గానీ అప్పట్లో సర్టిఫికెట్ అక్కర్లేదు. రీటా మేస్‌కు లేదు కూడా. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు తీసుకునే మామూలు నర్సింగ్ హోములకైతే, అంటే వృద్ధులను ఉంచి చూసుకునే కేంద్రాలకైతే, 1987 నాటి చట్టం ఉంది. కనీసం 75 గంటల శిక్షణ, ఆ తర్వాత పరీక్ష, రాష్ట్ర రిజిస్ట్రీలో, అంటే నర్సింగ్ అసిస్టెంట్ల అధికారిక జాబితాలో, పేరు ఉండాలి. కాలిఫోర్నియాలో ఆ శిక్షణే 160 గంటలు. దేశం కోసం యుద్ధానికి వెళ్లివచ్చినవాళ్లకు మాత్రం ఈ పాటి హామీ అయినా ఉండనక్కర్లేదా? తప్పనిసరి చేయాలన్నది నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

పద్మజ, ఒహాయో:

కాదనేదాన్ని నేను. ఇలాంటి ఆసుపత్రిలోనే పని చేస్తున్నాను. నాకు సర్టిఫికెట్ ఉంది. ఉంది కాబట్టే అందులో ఏమేమి లేవో చెప్పగలను.

కోర్సులో నేర్పేవి మంచివే. మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, నాడి, బీపీ చూడటం, తాగిన నీళ్లు, పోసిన మూత్రం కొలిచి రాయడం, నడుముకు పట్టీ కట్టి కుర్చీలోకి దించడం. పరీక్షలో చేతులు సరిగా కడిగారా లేదా అని ఒకావిడ పక్కనే నిలబడి చూస్తుంది. అంతా బాగుంది.

రాత్రి రెండింటికి వియత్నాం యుద్ధం చేసి వచ్చిన మనిషిని ఎలా లేపాలో మాత్రం ఆ కోర్సులో లేదు. కదలలేనివాళ్లను రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. లేకపోతే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. భుజం తట్టి లేపితే కొందరు లేస్తూనే గొంతు పట్టుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు, ఆ క్షణంలో వాళ్లు ఆసుపత్రిలో లేరు. అందుకని కాళ్ల వైపు, చేయి అందనంత దూరంలో నిలబడి పిలవాలి. ముందు ఆయన పేరు, తర్వాత నా పేరు, తర్వాత ఈ ఊరి పేరు. పై లైటు వేయకుండా నేలకు దగ్గరగా ఉండే చిన్న లైటు వేసి, నా రెండు చేతులూ కనబడేలా ఉంచాలి. మా వార్డులో ఒకాయన పేరు పెట్టి పిలిస్తే కదలడు, “సార్జెంట్” అంటే కళ్లు తెరుస్తాడు. ఇది నాకు నేర్పింది సర్టిఫికెట్ లేని ఒక పెద్దావిడ. ఆమె ఆ వార్డులో పని మొదలుపెట్టేనాటికి నేను బడికి వెళ్తున్నాను. మీ నిబంధన వస్తే ముందు ఇంటికి వెళ్లేది ఆవిడే.

పైగా ఏడుగురిని చంపిన మనిషి చేతులు కడగడం రాక చంపలేదు కదా.

రఘురామ్, ఆసుపత్రి ఫార్మసిస్టు:

పద్మజ గారి చివరి వాక్యంతో ఏకీభవిస్తాను. రీటా మేస్ ఉద్యోగంలో ఏముందో చూడండి. బీపీ చూడటం, గ్లూకోమీటర్‌తో షుగర్ చూడటం, తాగినదీ పోసినదీ లెక్క రాయడం, కొందరు రోగుల పక్కన ఒంటరిగా కాపలా కూర్చోవడం. మందు ఇచ్చే అధికారం లేనే లేదు. అయినా ఇన్సులిన్ చేతికి ఎలా వచ్చింది? వీఏలో తప్పులను విచారించే అధికారి ఇన్‌స్పెక్టర్ జనరల్. ఆయన విచారణలో తేలింది ఏమిటంటే, మందుల గది, మందుల బండి తాళం లేకుండా ఉండేవి. వార్డులో కెమెరాలు లేవు.

రెండోది ఇంకా ఘోరం. షుగరు జబ్బు లేనివాళ్లకు కూడా రాత్రికి రాత్రి షుగర్ పాతాళానికి పడిపోతుంటే, ఎందుకు పడిందో తేల్చే పరీక్ష చేయించలేదు. పరీక్ష ఉంది. మన ఒంట్లో ఇన్సులిన్ తయారైనప్పుడు దాంతోపాటు సమానంగా సి-పెప్టైడ్ అనే ముక్క పుడుతుంది. బయటి నుంచి ఎక్కించే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. కాబట్టి షుగర్ పడిపోయినప్పుడే రక్తం తీసి చూస్తే, ఇన్సులిన్ ఎక్కువ, సి-పెప్టైడ్ తక్కువ కనబడితే ఎవరో సూది వేశారని అర్థం. మొదటి ఒకటి రెండు కేసుల్లోనే ఇది చేసి ఉంటే మిగతావాళ్లు బతికేవారని నా నమ్మకం. వార్డు డాక్టర్లలో ఒకరు ఈ మరణాల్లో ఏదో తేడా ఉందని పైవాళ్లకు చెప్పింది 2018 జూన్‌లో. మొదటి మరణం 2017లో.

తాళం, పరీక్ష. ఈ రెండూ అడగకుండా సర్టిఫికెట్ అడగడం, దొంగతనం జరిగాక పనిమనిషి పదో తరగతి పాసైందా అని వాకబు చేసినట్టుంది.

శ్రీవిద్య:

తాళం వద్దని నేనెప్పుడన్నాను? రెండూ ఉండాలంటున్నాను. 75 గంటల క్లాసు మహా గొప్పదని నా వాదన కాదు. సర్టిఫికెట్ వెనుక ఉన్న రిజిస్ట్రీ ముఖ్యం. నర్సింగ్ హోములో ఎవరైనా రోగిని కొట్టినా, డబ్బు కాజేసినా, విచారణలో రుజువైతే ఆ మనిషి పేరు పక్కన రిజిస్ట్రీలో రాస్తారు. కొత్త యజమాని ఎవరైనా ఫోను చేసి చూసుకోవచ్చు. సర్టిఫికెట్ అడగని ఆసుపత్రి ఆ పుస్తకం తెరిచి చూడాల్సిన అవసరమే లేకుండా పోతుంది. పక్క వీధి నర్సింగ్ హోము తరిమేసిన మనిషి వీఏ ఆసుపత్రి వార్డులో తేలితే మీలో ఎవరు జవాబు చెబుతారు?

గోపాలకృష్ణ:

ఆగండి. ఈ ఉద్యోగానికి వచ్చేవాళ్లెవరో చూశారా? సగటు మనుషులు, ఒంటరి తల్లులు, సైన్యం నుంచి వచ్చి ఏం చేయాలో తోచనివాళ్లు. కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, ఆ వారాలకు పోయే కూలి ఎవరు కడతారు? ప్రతి ఘోరం తర్వాత అందరికంటే కింద ఉన్నవాడికి ఇంకో కాగితం తగిలించడం ప్రభుత్వాలకు అలవాటు. డైరెక్టరుకు కొత్త పరీక్ష పెట్టమని ఎవరైనా అడిగారా?

శ్రీవిద్య:

గోపాలకృష్ణ గారూ, నర్సింగ్ హోములో ఉద్యోగంలో ఉన్నవారి శిక్షణ ఖర్చు యాజమాన్యమే భరించాలని అదే 1987 చట్టం చెబుతోంది. వీఏ ప్రభుత్వ శాఖే కదా, అదీ అలాగే భరించవచ్చు. పద్మజ గారి వార్డులోని పెద్దావిడకు పాత ఉద్యోగులతోపాటు మినహాయింపు ఇవ్వవచ్చు, నేరుగా పరీక్ష రాయనివ్వవచ్చు. వీటికి దారులున్నాయి.

మాజీ సుబేదారు, ప్రకాశం జిల్లా:

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేశాను కాబట్టి నా మాటా వినండి. మా దగ్గర ఇది ఒక ట్రేడు. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లను ఎంచి, లక్నో సెంటర్‌లో సైనిక శిక్షణ ఒకవైపు, వైద్య శిక్షణ మరోవైపు నెలల తరబడి ఇస్తారు. అక్కడ మీ అసిస్టెంట్ సూది ముట్టకూడదు, మా వాడు ముట్టి తీరాలి. ఎత్తైన పోస్టులో డాక్టరు చేరేలోపు జవానుకు సెలైన్ ఎక్కించేది వాడే. కాబట్టి శిక్షణ అక్కర్లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 75 గంటలు అని చదివి నవ్వొచ్చింది, అమ్మా. మాకు కవాతుకే అంతకంటే ఎక్కువ పట్టింది.

ఇంకో సంగతి. ఇక్కడ మా మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ అనే వైద్య పథకం ఉంది. పాలీక్లినిక్ డాక్టరు రాసిస్తే ప్రైవేటు ఆసుపత్రిలో చేరతాం. అక్కడ మమ్మల్ని ఒత్తిగిలించేది ఆయా, వార్డు బాయ్. వాళ్లలో ఎక్కువమందికి ఏ కాగితమూ లేదు, ఏ రిజిస్ట్రీ లేదు. రాత్రి పూట రోగి దగ్గర భార్యో కోడలో కూర్చుంటుంది కాబట్టి గడిచిపోతోంది. అమెరికాలో ఆ కోడలు లేదు. ఆ లోటు పూడ్చేది అసిస్టెంటే అయినప్పుడు ఆ మనిషి ఎవరో గట్టిగా చూసుకోవాలి. నా ఓటు శ్రీవిద్యమ్మకే.

పద్మజ:

సుబేదారు గారూ, మీరన్న “ఆ మనిషి ఎవరో గట్టిగా చూసుకోవాలి” అన్నదే అసలు సంగతి. అది సర్టిఫికెట్ పని కాదు. రీటా మేస్ అంతకుముందు జైలు గార్డు. అక్కడ ఖైదీ మీద అతిగా బలప్రయోగం చేసిందన్న ఆరోపణ కోర్టు దాకా వెళ్లింది. రిజిస్ట్రీలో ఎక్కేది నర్సింగ్ హోముల్లాంటి చోట్ల జరిగినవి, జైల్లో జరిగింది అందులో కనబడదు. అది కనబడాల్సింది ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు జరిగే నేపథ్య విచారణలో. నిబంధన అప్పటికే ఉంది. ఆసుపత్రి ఆ విచారణను సరిగా ముగించలేదని ఇన్‌స్పెక్టర్ జనరలే రాశారు. ఉన్న ఫైలు చూడనివాళ్లు కొత్త కాగితాన్ని చూస్తారా?

ఇంకోటి కూడా చెప్పాలి, మీకు నచ్చకపోవచ్చు. ఆమె కూడా సైన్యంలో పనిచేసిందే. అక్కడి రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డ్ తరఫున ఇరాక్, కువైట్ వెళ్లి వచ్చింది. ఈ ఆసుపత్రుల్లో నియామకాలకు మాజీ సైనికులకు ప్రాధాన్యం ఉంటుంది. అది న్యాయమే, రోగులకూ ఇష్టమే. నాతో పనిచేసేవాళ్లలో సగం మంది అలాంటివాళ్లే. మా వార్డులో ఒక కుర్రవాడు పెద్దాయనకు గడ్డం గీస్తూ ఏ యూనిట్, ఏ ఊళ్లో అని మాట కలిపితే, నాతో రోజంతా మూగగా ఉన్న ఆ మనిషి గంటసేపు మాట్లాడాడు. కానీ “మనవాడే” అన్న నమ్మకం ఫైలు తెరవడానికి అడ్డం రాకూడదు.

ఇక రఘురామ్ గారి తాళాల విషయం. మందుల గదిలోకి మమ్మల్ని రానివ్వకపోవడం నాకు సమ్మతమే, నాకు అక్కడ పనీ లేదు. కానీ ఆ కేసు తర్వాత మా దగ్గర ఒక పెద్దమనిషి మా చేతుల్లోంచి గ్లూకోమీటర్ కూడా తీసేయాలన్నాడు. తీసేస్తే ఏమవుతుందో చెప్పనా? రాత్రి నర్సు ఒకవైపు యాంటీబయాటిక్ వేలాడదీస్తూ, మరోవైపు కొత్త రోగిని చేర్చుకుంటూ ఉంటుంది. తెల్లవారుజామున ఒకాయన ఒళ్లు చల్లబడి, చొక్కా తడిసి, మాట తడబడుతుంటే ముందు చూసేది నేను. వేలు గుచ్చి అంకె చూసి పరిగెత్తితే నిమిషం. నర్సు ఖాళీ అయ్యేదాకా ఆగితే ఎంతసేపో ఎవరూ చెప్పలేరు. ఆ అంకె మా చేతుల్లో ఉండాలి. అంతేకాదు, ఆ అంకె గురించి మేము అడిగితే వినే మనిషి ఉండాలి. డ్యూటీ మారేటప్పుడు నర్సులు నర్సులతో మాట్లాడుకుంటారు, డాక్టర్లు డాక్టర్లతో. “నిన్న ఈయన బాగానే భోజనం చేశాడు, ఈ రోజు షుగర్ ఎందుకు పడింది?” అని అడగగలిగేది పళ్లెం తీసిన మనిషే. ఆ మాటల్లో మాకు చోటు ఇవ్వాలన్నదే నా డిమాండు.



రఘురామ్:

గ్లూకోమీటర్ తీసేయడానికి నేనూ వ్యతిరేకమే. నేను అడిగేది మరోటి. కారణం తెలియకుండా షుగర్ బాగా పడిపోయిన ప్రతి కేసూ తెల్లారేసరికి ఫార్మసీకి తానుగా రావాలి. మేము మందుల లెక్క చూసుకుంటాం. ఈ రోగికి ఇన్సులిన్ రాసి లేదు, అయినా పడింది అంటే వెంటనే రక్తం ల్యాబుకు పోవాలి. ఇందులో ఎవరినీ అనుమానించినట్టు ఉండదు.

గోపాలకృష్ణ:

ఇదైతే నాకూ సమ్మతం. పని పైవాళ్ల మీద పడుతోంది కాబట్టి.

శ్రీవిద్య:

పద్మజ గారూ, జైలు సంగతి రిజిస్ట్రీలో ఉండేది కాదన్నది నిజమే, ఆ ఒక్క కేసుకు అది వర్తించదు. కానీ నేను ఒక్క కేసు కోసం అడగడం లేదు. వీఏకు దేశమంతటా సుమారు 170 పెద్ద ఆసుపత్రులున్నాయి. హంతకులు అరుదు. గట్టిగా గిల్లేవాళ్లు, తిట్టేవాళ్లు, పర్సు తీసేవాళ్లు అంత అరుదు కాదు. వాళ్లను పట్టేది రిజిస్ట్రీయే. నా అభిప్రాయం మారలేదు.

మా చెల్లెలికి ఏం చెప్పమంటారు?

పద్మజ:

కోర్సు పూర్తి చేయమనండి. రేపు ఊరు మారినా, నర్సింగ్‌లో చేరినా పనికొస్తుంది. నేను దాన్ని తప్పనిసరి చేయవద్దన్నాను గానీ, చదవవద్దనలేదు. ఇంటర్వ్యూలో మాత్రం మూడు సంగతులు అడగమనండి. రాత్రి వార్డుకు ఎంతమంది నర్సులు, ఎంతమంది అసిస్టెంట్లు? మనిషిని ఎత్తడానికి కప్పుకు బిగించిన లిఫ్టు ప్రతి గదిలో ఉందా, లేక నడుమే లిఫ్టా? డ్యూటీ మారేటప్పుడు జరిగే మాటల్లో అసిస్టెంట్లు ఉంటారా? మూడోదానికి వాళ్లు ముఖముఖాలు చూసుకుంటే ఇంకో ఆసుపత్రి వెతుక్కోమనండి.

మాజీ సుబేదారు:

నాలుగోది కూడా. మందుల గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగమను, అమ్మా.