చర్చ: అమ్మమ్మ వెళ్ళిపోతోంది, రెండున్నరేళ్ల బాబును డే కేర్‌లో వేయాలా, ఆయాను పెట్టుకోవాలా?

మియాపూర్ తల్లి (సోమవారం, రాత్రి 10:40)

అందరికీ నమస్కారం. వచ్చే నెలకు మా బాబుకు రెండున్నరేళ్లు నిండుతాయి. వాడు పుట్టినప్పటి నుంచి మా అమ్మే ఇక్కడ ఉండి చూసుకుంది. దసరా వెళ్ళగానే ఆమె ఊరికి వెళ్ళిపోతోంది. నేను వారానికి మూడు రోజులు రాయదుర్గంలోని ఆఫీసుకు వెళ్ళక తప్పదు, మా వారికి ఐదు రోజులూ తప్పదు. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న డే కేర్‌లో నెలకు పన్నెండు వేలు అడుగుతున్నారు, సాయంత్రం ఆరున్నర దాటితే అరగంటకు ఇంత అని అదనంగా వసూలు చేస్తారట. ఇంటికి వచ్చే ఆయా పద్దెనిమిది వేలకు పైసా తగ్గనంటోంది. నా సందేహాలు మూడు. డే కేర్ మేలా, ఆయా మేలా? ఫోను చేతికివ్వకుండా అన్నం తినిపించడం మీలో ఎవరికైనా సాధ్యమైందా? మధ్యాహ్నం అమ్మమ్మ పక్కన తప్ప కన్ను మూయని పిల్లవాడు కొత్తచోట నిద్రకు అలవాటుపడడానికి ఎన్నాళ్లు పడుతుంది? మొన్న శనివారం స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని ఆ డే కేర్ చూపించడానికి తీసుకువెళితే, గేటు దగ్గరే నా చున్నీ పట్టుకుని ఇక వదలలేదు.

ఉప్పల్ నాన్న (సోమవారం, రాత్రి 10:58)

అమ్మా, మీ మూడు ప్రశ్నలూ కాసేపు పక్కన పెట్టండి. ముందు నిలబెట్టుకుని తీసుకువెళ్ళానని అంత మామూలుగా ఎలా రాయగలిగారు? మా అమ్మాయికి మూడేళ్లున్నప్పుడు నేనూ అలాగే తిప్పేవాణ్ణి. హారన్ నొక్కడం దానికి మహా సరదా. ఒకనాడు ఉప్పల్ రింగు రోడ్డుకు కాస్త ఇవతల కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశాను. బండి ఇరవైకి మించిన వేగంలో లేదు, పడిపోలేదు, నా కాలు కూడా జారలేదు. కానీ పాప మూతి వెళ్ళి నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంది. పై పెదవికి నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు, నవ్వినప్పుడల్లా ఆ గీత కనబడుతుంది, కనబడినప్పుడల్లా నేను తల తిప్పుకుంటాను.

కొండాపూర్ 14వ అంతస్తు (సోమవారం, రాత్రి 11:25)

తిండి విషయం నేను చెబుతాను. చందమామను చూపించి తినిపిద్దామంటే మా బాల్కనీకి పావురాల వల కట్టించాం, టెర్రస్‌కు అసోసియేషన్ వారు తాళం వేశారు. అడిగితే భద్రత అన్నారు. చివరకు పెరుగన్నం గిన్నె పట్టుకుని సెల్లార్‌లోకి దిగడం మొదలుపెట్టాను. ఒక్కో కారు దగ్గర ఒక్కో ముద్ద, తెల్లకారు వస్తే పెద్దముద్ద, దుమ్ముకొట్టుకుపోయిన కారు కనబడితే దానిమీద వేలితో ఒక సున్నా చుట్టి మరో ముద్ద. ముప్పై రెండో కారు చేరేసరికి గిన్నె ఖాళీ అయ్యేది. అయితే ఈ ఉపాయం రాత్రిపూటే పనిచేస్తుంది, ఎందుకంటే పగలు కార్లన్నీ ఆఫీసులకు పోతాయి. మా పాపకు అమ్మ, నాన్న తరువాత వచ్చిన మూడో మాట ఒక కారు కంపెనీ పేరు. మా మామగారికి అది ఎంతమాత్రం నచ్చలేదు.

సైదాబాద్ స్కూటరిస్టు (సోమవారం, రాత్రి 11:41)

ఉప్పల్ నాన్నగారూ, మీ పాపకు జరిగినదానికి బాధగానే ఉంది. అయినా ఒక తల్లిని నలుగురిలో నిలబెట్టి అలా అడగడం నాకు సమంజసంగా తోచలేదు. ఈ నగరంలో కారు లేనివాళ్లు పిల్లలను ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా మీరే చెప్పండి. వెనుక కూర్చోబెడితే నిద్రపోయి పక్కకు ఒరిగిపోతారు. ఆటో పిలిస్తే రెండు కిలోమీటర్లకు ఎనభై అడుగుతాడు, వానపడితే అసలు రాడు. నేను, మా అన్న, మా చెల్లి ముగ్గురమూ మా నాన్న స్కూటరు ముందు నిలబడే పెరిగాం. ముగ్గురమూ క్షేమంగానే ఉన్నాం.

ఉప్పల్ నాన్న (సోమవారం, రాత్రి 11:50)

క్షేమంగా ఉన్నవాళ్లు మాత్రమే ఇలా వచ్చి రాయగలరు కదండీ. నేను సొంత సలహాలేమీ చెప్పడం లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలకు 2022 ఫిబ్రవరిలో చేర్చిన నిబంధన ఉంది, ఏడాది గడువిచ్చి 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి తెచ్చారు. నాలుగేళ్ల లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకువెళితే, నడిపేవారి ఒంటికి బిగించే సేఫ్టీ బెల్టు వాడాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్ పెట్టాలి, బండి నలభై కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ బెల్టు ముప్పై కిలోల బరువు ఆపగలిగేదై ఉండాలని కూడా అందులోనే రాశారు. మీ నాన్నగారి స్కూటరు రోజుల్లో ఇన్ని వాహనాలు ఉన్నాయా?

సైదాబాద్ స్కూటరిస్టు (మంగళవారం, ఉదయం 6:15)

నిబంధన ఉందని నాకూ తెలుసు. ఆ బెల్టు కట్టుకుని తిరిగే తండ్రిని సైదాబాద్ నుంచి మలక్‌పేట దాకా నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. మే నెల ఎండలో రెండేళ్ల పిల్లకు హెల్మెట్ పెట్టి సిగ్నల్ దగ్గర నూట ఇరవై సెకన్లు నిలబడి చూడండి, తరువాత మాట్లాడుకుందాం.

ఎడిసన్ తెలుగువాడు (మంగళవారం, ఉదయం 6:32)

మాకు న్యూజెర్సీలో బిడ్డ పుట్టినప్పుడు, కారులో శిశువు సీటు బిగించామో లేదో చూసుకున్న తరువాతే ఆసుపత్రివారు ఇంటికి పంపారు. మన దగ్గర ఇంకా ఇటువంటి వాటిమీద వాదించుకోవడం చూస్తే విచారం కలుగుతోంది.

సైదాబాద్ స్కూటరిస్టు (మంగళవారం, ఉదయం 6:40)

మీ విచారానికి కృతజ్ఞతలు. అక్కడ ఒకే బండి మీద పాలక్యాను, గ్యాసు బండ, ఇద్దరు పిల్లలు ప్రయాణం చేయరు.

విశ్రాంత అంగన్‌వాడీ టీచరు (మంగళవారం, ఉదయం 8:05)

ఇరవై ఆరేళ్లు నా చేతుల మీదుగా పిల్లలు పెరిగారు కనుక ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు ఇక్కడ అందరికన్నా కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను. డే కేర్ చూడటానికి వెళ్ళినవారు గోడల మీది బొమ్మలు చూసి వచ్చేస్తారు. మీరు చెప్పకుండా పదకొండున్నరకు వెళ్ళండి. ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలున్నారో లెక్కపెట్టండి, మరుగుదొడ్డి ముక్కుతో చూడండి, అన్నం ఎవరి చేత్తో పెడుతున్నారో చూడండి. తల్లులను లోపలికి రానివ్వని చోట బిడ్డను వదలవద్దు. ఇక తిండి మాటకు వస్తే, మీకు దగ్గరలోని అంగన్‌వాడీలో పేరు రాయించుకుంటే ఏడు నెలల నుంచి మూడేళ్ల వరకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పిండి ఉచితంగా ఇస్తారు. దాన్ని జావగా కాచి తాగించవచ్చు, లడ్డూ చుట్టవచ్చు. నగరంలో చదువుకున్నవాళ్లకు ఆ గడప తొక్కాలంటే నామోషీ.

కొండాపూర్ 14వ అంతస్తు (మంగళవారం, ఉదయం 9:20)

టీచరుగారూ, నామోషీ అన్న మాట అనవసరం. ఆ పొట్లాలు మా ఇంట్లో పనిచేసే ఆమె తన పిల్లలకు తెచ్చుకుంటుంది, అవసరమున్నవాళ్లకే అందనివ్వండి అని మా ఉద్దేశం. పైగా అందులో చక్కెర ఉంటుంది కదా. మేము ఇంట్లోనే రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి వాడుతున్నాం.

విశ్రాంత అంగన్‌వాడీ టీచరు (మంగళవారం, ఉదయం 9:44)

అందులో వేయించిన గోధుమలు, శనగలు, పాలపొడి, నూనె, చక్కెర ఉంటాయి. ఆ చక్కెర గురించి బెంగపడే తల్లులే చాక్లెట్ రుచి కలిపిన పాలపొడి డబ్బాలను నాలుగేసి వందలకు కొనడం నేను కళ్లారా చూశాను. అవసరమున్నవాళ్లు అనే మాటకు అర్థం కూడా మీరే చెప్పండి. పద్నాలుగో అంతస్తు పిల్లలకు రక్తహీనత రాదా?

నిజాంపేట కవలల తల్లి (మంగళవారం, ఉదయం 11:10)

దయచేసి పోట్లాడుకోవద్దు. ఫోను గురించి నా అనుభవం వినండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర చూపించేది రోజుకు గంట దాటకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. ఇద్దరికీ ఎదురుగా ఒకే ఫోను పెట్టి మూడు పూటలా ఇరవై నిమిషాల చొప్పున తినిపిస్తే గంట సరిగ్గా సరిపోయింది కనుక నాకు ఎటువంటి అపరాధభావమూ లేదు.

ఆయాతో వచ్చిన చిక్కు వేరు. మాకు దొరికిన అమ్మాయి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చింది, మనసు వెన్న, భాష హిందీ. ఆరు నెలలకు పిల్లలిద్దరూ నీళ్లను పానీ అన్నారు, ఏడో నెలలో వీడియో కాల్‌లో మాట్లాడుతున్న గుంటూరు తాతయ్యను చుప్ బైఠో అన్నారు. ఆయన ఆ రోజు భోజనం చేయలేదని మా అత్తగారు రెండు వారాల తరువాత చెప్పారు. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి చేశారు. నిజమే, కానీ బడికి ముందటి మూడేళ్లూ ఎవరు ఎత్తుకుంటే వారిదే భాష.

ఎడిసన్ తెలుగువాడు (మంగళవారం, సాయంత్రం 5:30)

మీకు హిందీతోనే ఇంత బాధ అయితే మా సంగతి ఏం చెప్పమంటారు? సందర్శకుల వీసా మీద వచ్చినవారికి మామూలుగా ఆరు నెలలే గడువిస్తారు కనుక మా అమ్మ, మా అత్తగారు వంతులవారీగా వచ్చి వెళుతున్నారు. ఒకరు నేర్పిన మాటలను మరొకరు వచ్చి దిద్దుతారు. ఒకరు పప్పుచారు అంటే మరొకరు పప్పుపులుసు అంటారు. మా అబ్బాయి సందిగ్ధంలో పడి రెండింటినీ సూప్ అంటున్నాడు.

బోయినపల్లి నానమ్మ (మంగళవారం, రాత్రి 9:15)

నేను పెద్దగా చదువుకోలేదు, నేను చెబుతుంటే ఇంకొకరు టైపు చేస్తున్నారు. చర్చకు పెట్టిన పేరు చూసి ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది. అమ్మమ్మ వెళ్ళిపోతోంది అని రాశారు. వెళ్ళిపోవడం ఏమిటమ్మా, ఆవిడ తన ఇంటికి వెళుతోంది. మాది పాలకొల్లు. పెద్దమనవడు పుట్టినప్పుడు మూడు నెలల కోసమని ఒక చిన్న పెట్టెతో వచ్చాను, ఈ సంక్రాంతికి ఏడేళ్లు. మా ఇంటాయన అక్కడ ఒక్కరే కుక్కర్ పెట్టుకుంటున్నారు, కూర పక్కింటివాళ్లు ఇస్తారు. ఇక్కడ లిఫ్టు ఎక్కాలంటే ఇప్పటికీ నాకు భయమే. పొద్దున్న కొడుకూ కోడలూ తలుపు వేసుకుని వెళితే మళ్లీ చీకటి పడ్డాకే పెద్దవాళ్లతో మాట. పిల్లాడు పడితే నా వల్లే, జలుబు చేస్తే నేను పెరుగు పెట్టబట్టే. నెలకు పద్దెనిమిది వేలని ఆయా అడిగితే ఎక్కువంటున్నారు. మేము ఎప్పుడూ అడగలేదు కనుక ఆ పనికి ధర ఎంతో మీకు ఇప్పుడే తెలుస్తోంది.

ఉప్పల్ నాన్న (మంగళవారం, రాత్రి 9:31)

అమ్మా, మీ మాట చదివి మా అమ్మకు ఫోను చేశాను. అది వేరే సంగతి. మియాపూర్ తల్లిగారూ, మీరు ఇంకా బెల్టు గురించి సమాధానం చెప్పలేదు.

సైదాబాద్ స్కూటరిస్టు (మంగళవారం, రాత్రి 9:40)

వదలరా మీరు?

నిజాంపేట కవలల తల్లి (బుధవారం, మధ్యాహ్నం 1:05)

యాభై మంది, అంతకుమించి పనిచేసే సంస్థలు క్రెచ్ (పసిపిల్లలను చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలన్న నియమం ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసి రావచ్చు. మీ ఆఫీసు మానవ వనరుల విభాగాన్ని నోటిమాటగా కాకుండా మెయిల్ రాసి అడగండి. నేను నోటిమాటగా అడిగినప్పుడు, అటువంటిదేమీ లేదని నవ్వుతూ చెప్పారు. మెయిల్ పంపిన నాలుగో రోజున పక్క భవనంలోని డే కేర్‌తో తమకు ఒప్పందం ఉన్న సంగతి వారికే గుర్తుకొచ్చింది, సగం ఫీజు వారే కట్టారు. అయితే కవలలను కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో రోజూ అంత దూరం తీసుకువెళ్ళడం నా వల్ల కాక మూడు నెలలకే మానేశాను.

మియాపూర్ తల్లి (శుక్రవారం, రాత్రి 10:20)

నాలుగు రోజులుగా బాబుకు జ్వరం, అందుకే రాలేకపోయాను. ఉప్పల్ నాన్నగారూ, మీ మాట మొదట గుచ్చుకుంది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ రోజు బెల్టు, చిన్న హెల్మెట్ రెండూ వచ్చాయి. బెల్టు కట్టబోతే వాడు కొయ్యబారిపోతున్నాడు. హెల్మెట్ మాత్రం ఎంత నచ్చిందంటే తీయనివ్వక, దానితోనే అన్నం తిని, ఇప్పుడు దానితోనే పడుకున్నాడు.

టీచరుగారు చెప్పినట్టు ఈ రోజు చెప్పకుండా పదకొండున్నరకు ఆ డే కేర్‌కు వెళ్ళాను. పద్నాలుగు మంది పిల్లలకు ఇద్దరు ఆయాలున్నారు, ఒకామె ఫోనులో ఉంది. అక్కడ చేర్పించడం లేదు. మా ఆఫీసుకు మెయిల్ రాశాను, ఇంకా జవాబు రాలేదు.

నానమ్మగారి మాటలు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ అనకుండా కాసేపు గోరుచిక్కుడు కాయలు తుంచుతూ కూర్చుని, ఆ తరువాత పాలకొల్లులో ఎక్కడో కనుక్కోమని అడిగింది. మాది భీమవరం.

మధ్యాహ్నం నిద్ర గురించి మాత్రం ఒక్కరు కూడా ఒక్క మాట చెప్పలేదు.

బోయినపల్లి నానమ్మ (శనివారం, ఉదయం 7:50)

నిద్రకు అంత ఆలోచన ఎందుకమ్మా? మీ అమ్మగారు కట్టి విడిచిన పాత నూలుచీర ఒకటి ఉతకకుండా తీసిపెట్టు. ఆవిడ ఊరు వెళ్ళాక పిల్లాడిని ఎక్కడ ఉంచినా ఆ చీర మడతపెట్టి పక్కన వేయమను. మా చిన్నాడు అలాగే పడుకునేవాడు, మొదటి వారం ఏడ్చాడు, రెండో వారం మానాడు. మాది పాలకొల్లు బస్టాండు వెనకాల వీధి. దసరా వెళ్ళగానే నేనూ ఊరికి వెళుతున్నాను, నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌కు మా అబ్బాయి టికెట్టు తీశాడు, పై బెర్తు వచ్చింది. మీ అమ్మగారికి కింది బెర్తు ఉందేమో అడుగుతావా?