పది నిమిషాలు మంచిగ నడిచి, తర్వాత సాగుతున్న పీఎస్2 గేమ్. ఏం జెయ్యాలె?

ఊకమిల్లు_పోరడు, మిర్యాలగూడ
అన్నలూ, జర చెప్పుండ్రి. లాప్‌టాప్ ఐ5 8250యూ, ర్యామ్ 8 జీబీ, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, లోపలున్న యూహెచ్‌డీ 620నే. మా అన్న పీఎస్2 (ప్లేస్టేషన్ 2) లేజర్ పోయి అటకెక్కింది. మిషన్ ఆన్ అయితది గనక బయాస్ (మిషన్‌ను లేపే లోపలి సాఫ్ట్‌వేర్) దాంట్లకెళ్లే తీసిన, డిస్కులు కంప్యూటర్ల కాపీ చేసుకున్న. పీసీఎస్‌ఎక్స్2ల, అంటే పీఎస్2 గేములను కంప్యూటర్ల నడిపే ఎమ్యులేటర్‌ల, రెజ్లింగ్ గేమ్ పెడితే మొదటి పది నిమిషాలు జబర్దస్తుగ నడుస్తది. గా తర్వాత స్పీడు 60 శాతానికి వస్తది. మ్యూజిక్ సాగుతది, మనిషిని ఎత్తి కొడితే నీళ్లల్ల పడ్డట్టు మెల్లగ పడుతడు. రెజల్యూషన్ 2ఎక్స్ నుంచి నేటివ్‌కు (పీఎస్2 అసలు సైజుకు) దించిన. అదే కత.

దేవరకొండ_64
కొత్త లాప్‌టాప్ కొను తమ్మీ.

ఊకమిల్లు_పోరడు
పైసలుంటే ఈడికెందుకొస్తనే అన్నా.

సూర్యాపేట_సారు
రెజల్యూషన్ దించినా తేడా రాలేదంటే సగం జవాబు నువ్వే చెప్పేశావు. భారం గ్రాఫిక్స్ మీద లేదన్నమాట. సెట్టింగుల్లో ఆన్‌స్క్రీన్ డిస్‌ప్లే అని ఉంటుంది, అందులో సీపీయూ, జీపీయూ వాడకం చూపించేవి ఆన్ చెయ్. ఈఈ (పీఎస్2 మెయిన్ ప్రాసెసర్ పని), జీఎస్ (బొమ్మ గీసే పని), వీయూ (లెక్కల యూనిట్ల పని) అని మూడు అంకెలు వస్తాయి. గేమ్ సాగుతున్నప్పుడు అవి ఎంతున్నాయో రాయి. అప్పటిదాకా ఏ సెట్టింగూ ముట్టుకోకు.

పాలమూరు_పిక్సెల్
సారు చెప్పింది కరెక్టు. ఇంకో మాట, ఎప్పుడన్న పొరపాటున ఎఫ్9 నొక్కినవా? అది నొక్కితే సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌కు మారుతది, బొమ్మ గీసే పని కూడ సీపీయూ నెత్తిన పడుతది. నేను వారం రోజులు గట్లనే ఆడి, గేమ్‌నే తిట్టుకున్న.

ఊకమిల్లు_పోరడు
ఎఫ్9 కాదన్నా, రెండరర్ వల్కన్ (గ్రాఫిక్స్ చిప్‌తోని గీసేది) అనే ఉన్నది. సారూ, అంకెలు: ఈఈ 98, జీఎస్ 41, వీయూ 36. జీపీయూ 30 లోపలనే. టాస్క్ మేనేజర్ల మొత్తం సీపీయూ 38 శాతమే చూపిస్తున్నది. ఇంకా 62 ఖాళీగ ఉంటే ఎందుకు సాగాలె?

సూర్యాపేట_సారు
చాలామంది బోల్తా పడేది ఆ 38 దగ్గరే. నీ ప్రాసెసర్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు). ఎమ్యులేటర్ ఆ ఎనిమిదింటికీ పని సమంగా పంచలేదు. పీఎస్2లో ఎమోషన్ ఇంజన్ అనే ప్రాసెసర్ ఉంది, ఈఈ అంటే అదే, దాని వేగం సుమారు 295 మెగాహెర్ట్జ్. అది మాట్లాడేది మిప్స్ భాష, నీ ఇంటెల్‌ది వేరే భాష. ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడు అనువదించి, వరుస తప్పకుండా నడపాలి. ఆ పని ఒక్క థ్రెడ్ మీదే పడుతుంది. నాట్లకు పదిమంది కూలీలను పిలిచి, నారు కట్టలు అందించేవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే పెట్టినట్టు. వాడు అలిసిపోతే మిగతా అందరూ గట్టు మీద కూర్చోవాల్సిందే.

కాబట్టి నీకు కావాల్సింది ఒక్క కోరు ఎంత గట్టిగా పరిగెడుతుందనేది. 8250యూ బేస్ (మామూలు వేగం) 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.4 దాకా పోతుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత పడిపోతోందంటే నాకు వేడి మీదే అనుమానం. గేమ్ సాగుతున్నప్పుడు గిగాహెర్ట్జ్, టెంపరేచర్ రెండూ చూడు.

పాలమూరు_పిక్సెల్
చార్జర్ కూడ చూడు తమ్మీ. నాది 65 వాట్ల చార్జర్ కాలిపోతే, మా బావ దగ్గర 45 వాట్లది పడుంటే తెచ్చి పెట్టిన. చార్జింగ్ ఎక్కుతున్నదిగద అనుకున్న. గేమ్ పెడితే స్పీడు సగానికి సగం. తక్కువ వాట్ల చార్జర్ పెడితే కొన్ని లాప్‌టాప్‌లు వాటంతట అవే వేగం తగ్గించుకుంటయట. విండోస్ల పవర్ మోడ్ బెస్ట్ పర్ఫార్మెన్స్ మీద పెట్టు, బ్యాటరీ మీద మాత్రం ఆడకు.

దేవరకొండ_64
ఈఈ సైకిల్ స్కిప్ 3 పెట్టు, ఓ వీడియోల చెప్పిండు. నాది 100 శాతం చూపిస్తున్నది.

సూర్యాపేట_సారు
చూపిస్తుంది, గేమ్ మాత్రం గెంతుతుంది. సైకిల్ స్కిప్ పెడితే ప్రాసెసర్ చేయాల్సిన పనిలో కొంత ఎగ్గొడుతుంది. మీటరు 100 అంటుంది, మనిషి మాత్రం ఎగిరెగిరి నడుస్తాడు. అంతకంటే సైకిల్ రేట్‌ను (ఈఈ నడిచే వేగాన్ని) 75 శాతానికి దించడం నయం, అదీ ఒక్కో గేమ్‌కు విడిగా పెట్టుకోవాలి. కొన్నిట్లో పనికొస్తుంది, కొన్నిట్లో గేమే నత్తనడక నడుస్తుంది. వీయూ పనిని వేరే థ్రెడ్‌కు పంచే మల్టీ థ్రెడెడ్ వీయూ1 ఉందే, ఆ టిక్కు మాత్రం తీయొద్దు.

గద్వాల్_గేమ్‌క్యూబ్
నాది వేరే కత. ఈఈ గీఈ కాదు, డాల్ఫిన్, అంటే గేమ్‌క్యూబ్ ఎమ్యులేటర్. స్పీడు మంచిగనే ఉంటది గని కొత్త ఎఫెక్ట్ వచ్చినప్పుడల్ల అర సెకండ్ ఆగుతుండె. అది షేడర్లు (ఎఫెక్టులు గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అయ్యేటప్పుడు పట్టే నత్తి. 2017ల గా ఆగుడు తగ్గించే ఉబర్‌షేడర్లు వచ్చినయి, సెట్టింగుల హైబ్రిడ్ పెట్టినంక పోయింది. ఒకటే సాగుడు, ఆగి ఆగి నడుచుడు, రెండు వేరు వేరు రోగాలు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు.

ర్యామ్ ముచ్చట కూడ చెప్త. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండది, ర్యామే వాడుకుంటది. నాకు ఒక్క 8 జీబీ స్టిక్ ఉండె. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు పోయి అసొంటిదే ఇంకోటి తెచ్చి వేస్తే డ్యూయల్ చానల్ (రెండు స్టిక్కులు ఒకేసారి పనిచేసుడు) అయి, నాకు 2ఎక్స్ రెజల్యూషన్ నడిచింది. తమ్మీ, నీకు జీఎస్ 41యే ఉన్నది, ఇప్పుడే పైసలు పెట్టకు.

పాలమూరు_పిక్సెల్
ఎస్ఎస్‌డీ వేస్తే?

గద్వాల్_గేమ్‌క్యూబ్
విండోస్ తొందరగ తెరుచుకుంటది, అంతే. పీఎస్2 డీవీడీ డ్రైవ్ 4ఎక్స్, సెకండుకు 5 ఎంబీ చిల్లర. పాత హార్డ్ డిస్క్ కూడ దానికి ఎక్కువే.

ఊకమిల్లు_పోరడు
సారూ, దొరికింది! గేమ్ సాగుతున్నప్పుడు 97 డిగ్రీలు, వేగం 1.3 గిగాహెర్ట్జ్. బేస్ కన్న కూడ కిందికి! వెనక మూత ఇప్పిన. మా ఇల్లు రైస్ మిల్లు గోడ పక్కనే ఉంటది. ఫ్యాన్ రెక్కలకు, గాలి బయటికి పోయే రాగి జాలికి నడుమ ఊక దుమ్ము మెత్తగ అట్టకట్టి ఉన్నది. పట్టకారుతోని పీకితే పరుపు ముక్క లెక్క ఒక్కటే తునకొచ్చింది. అమ్మ చూసి “పొయ్యిలేసుకోవచ్చు” అన్నది. థర్మల్ పేస్టు ఎండి సున్నం లెక్క రాలింది, కొత్తది పెట్టిన.

ఇప్పుడు 82 డిగ్రీలు, 2.7 గిగాహెర్ట్జ్. పొద్దున రెండు గంటలు ఆడిన, 100 శాతం. 2ఎక్స్‌కు కూడ మళ్ల పోయిన. మధ్యాహ్నం మాత్రం రింగ్‌ల ఆరుగురు ఉంటే స్పీడు 90 శాతానికి వస్తది.

సూర్యాపేట_సారు
మన దగ్గర ఎండకు గదిలోనే 40 డిగ్రీలుంటే ఫ్యాన్ మాత్రం ఏం చేస్తుంది. ఆ ఒక్క గేమ్‌కు సైకిల్ రేట్ 75 పెట్టి చూడు, గెంతితే మళ్లీ 100కు తెచ్చెయ్. లాప్‌టాప్‌ను మంచం మీద, దుప్పటి మీద పెట్టకు.

ఊకమిల్లు_పోరడు
75 పెట్టిన సారూ, ఆరుగురున్నా 100 ఉన్నది, గెంతుతలేదు. టేబుల్ మిల్లు దిక్కు కిటికీ కాడికెళ్లి ఇవతలి గోడకు జరిపిన. దేవరకొండ అన్నా, నీ లాప్‌టాప్ మూత ఎప్పుడన్న ఇప్పినవా?

దేవరకొండ_64
స్క్రూడ్రైవర్ దొరుకుతలేదు.